సర్వర్ ఆగితే ఎవరి పని ఆగుతుంది? 120 పడకల ఆసుపత్రికి ఐటీ ప్లాన్ వేసిన అనుభవం

ఆసుపత్రికి ఏడాది ఐటీ ప్లాన్ అనగానే ముందు టేబుల్ మీదికొచ్చేది, నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ కొటేషన్. దాని వెనకే యాంటీవైరస్ లైసెన్సులు, కొత్త సర్వర్. జిల్లా కేంద్రంలోని ఒక 120 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో మేం పని మొదలుపెట్టేనాటికే మూడు కొటేషన్లు సిద్ధంగా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి ముందు ఒక కాగితం తయారుచేశాం. తర్వాత కొన్నవన్నీ ఆ కాగితం చెప్పిన వరసలోనే కొన్నాం. ఫైర్‌వాల్ కూడా కొన్నాం గానీ, అది నాలుగో స్థానానికి జరిగింది.

ఆ కాగితంలో ఐదే గళ్లు. సిస్టమ్ పేరు, అది ఏ మిషన్ మీద నడుస్తోంది, ఆగితే కాగితం మీద ఎంతసేపు నెట్టుకురాగలరు, ఎన్ని గంటల ఎంట్రీలు పోతే మళ్లీ కొట్టుకోగలరు, ఎవరికి ఫోన్ చేయాలి. మూడో గడి నింపడానికి మేనేజ్‌మెంట్‌ని అడిగితే ఉపయోగం లేదు, "అన్నీ ముఖ్యమే" అంటారు. వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌నీ, ల్యాబ్ టెక్నీషియన్‌నీ, రాత్రి డ్యూటీ ఫార్మసిస్టునీ అడగాలి. "రాత్రి రెండింటికి సిస్టమ్ పోయింది సిస్టర్, అప్పుడేం చేస్తారు?" అంటే అసలు సంగతులు బయటపడతాయి.

ఓపీలో డాక్టర్లు మందుల చీటీ ఇంకా చేత్తోనే రాస్తున్నారు కాబట్టి ఓపీ ఒక పూట నడిచిపోతుంది. బిల్లింగ్ ఒక రోజు ఆగితే డిశ్చార్జిలు ఆలస్యమవుతాయి, కౌంటర్ దగ్గర గొడవలవుతాయి, అంతే. ఫార్మసీ నాలుగు గంటలు. ల్యాబ్ మాత్రం అరగంట కూడా ఆగితే కుదరదు. రక్తం పరీక్షించే అనలైజర్ తన పాటికి తను తిరుగుతూనే ఉంటుంది. కానీ ట్యూబు మీది బార్‌కోడ్ ఏ రోగిదో చెప్పాల్సింది సాఫ్ట్‌వేర్. అది లేకపోతే తెర మీద ప్రాణం మీదికొచ్చేంత పొటాషియం, 6.8 అని కనిపిస్తుంది, ఎవరిదో తెలియదు. అనలైజర్‌నీ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌నీ కలిపే కంప్యూటర్ ల్యాబ్ మూలన, సెంట్రిఫ్యూజ్ పక్కన, విండోస్ 7 మీద నడుస్తోంది. మూడు కొటేషన్లలో ఏ ఒక్కదాంట్లోనూ దాని ఊసు లేదు. మా కాగితంలో అది ఒకటో నంబరు.

కాగితం నింపాలంటే ఏమేం ఉన్నాయో ముందు తెలియాలి కదా. కొనుగోలు రిజిస్టర్‌లో 74 కంప్యూటర్లున్నాయి. నెట్‌వర్క్ మీద తేలిన పరికరాలు 131. ఈ లెక్క తీయడానికి నెట్‌వర్క్ మొత్తాన్నీ పోర్ట్ స్కాన్ (ప్రతి పరికరం తలుపులన్నీ తట్టి చూడడం) చేయొద్దు. పాత అనలైజర్లు, ఐసీయూ మానిటర్ల సెంట్రల్ స్టేషన్ లాంటివి స్కాన్ తాకిడికి హ్యాంగ్ అయిపోవచ్చు. స్విచ్‌ల మ్యాక్ టేబుల్ (ఏ పోర్టుకి ఏ పరికరం తగిలి ఉందో చెప్పే జాబితా), రౌటర్ ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ ఏ పరికరానిదో చెప్పే జాబితా) తీసుకుని, మ్యాక్ అడ్రస్ మొదటి ఆరు అంకెలూ అక్షరాలతో తయారీ కంపెనీని పోల్చుకుని, మిగిలినవాటికి కేబుల్ పట్టుకుని నడిచాం. రెండు రోజులు పట్టింది. సీసీటీవీ డీవీఆర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది, ఎండీగారు ఫోన్లో చూసుకోవడానికని ఎవరో పోర్ట్ ఫార్వర్డ్ చేశారు. బిల్లింగ్ కౌంటర్ కాళ్ల దగ్గర ఒక వైఫై రౌటర్, కేబుల్ బయటి లైనుకుండే వ్యాన్ పోర్టులో కాక లోపలి ల్యాన్ పోర్టులో గుచ్చి ఉంది. అది తన సొంత ఐపీలు, అంటే నెట్‌వర్క్ అడ్రసులు, పంచుతోంది. "పొద్దున పదింటికి కొన్ని సిస్టమ్స్‌లో సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే వస్తుంది" అన్న ఏడాది నాటి ఫిర్యాదుకి కారణం అదే. ఐపీలు వాటంతటవే పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ; స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేస్తే ఇలాంటి రౌటర్ గుచ్చినా దాని ఐపీలు మిగతా కంప్యూటర్లకి చేరవు.

రెండో పని బ్యాకప్. దీని మీదే అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాం, పెట్టాలి కూడా. "బ్యాకప్ ఉందా?" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. అడగాల్సింది "చివరిసారి ఎప్పుడు వెనక్కి తెచ్చి చూశారు?" అని. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సర్వర్‌లో రాత్రి ఒంటిగంటకి డేటాబేస్ బ్యాకప్ పడుతోంది, అదే సర్వర్ డీ డ్రైవ్‌లో. దాని కాపీ ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో, అది 24 గంటలూ సర్వర్‌కే గుచ్చి ఉంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ఆ సర్వర్‌లోకి వస్తే మూడూ ఒకే గంటలో పోతాయి.

వేరే మిషన్ మీద రిస్టోర్ చేసి చూశాం. డేటాబేస్ 90 జీబీ, గంటలో ఎక్కింది. అసలు చిక్కులు అప్పుడు మొదలయ్యాయి. మొదటిది, రోగి ఫైలు తెరిస్తే స్కాన్ చేసి పెట్టిన కన్సెంట్ ఫారాలు, పాత డిశ్చార్జ్ సమ్మరీలు ఒక్కటీ రాలేదు. డేటాబేస్‌లో ఉండేది వాటి దారి మాత్రమే, అసలు ఫైళ్లు వేరే షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ ఫోల్డర్‌ని ఎవరూ ఎప్పుడూ బ్యాకప్ చేయలేదు. రెండోది, సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత సర్వర్ మదర్‌బోర్డుకి కట్టి ఉంది. కొత్త మిషన్ మీద లాగిన్ తెరే రాలేదు. కొత్త కీ కావాలంటే వెండర్ ఆఫీసు పనివేళల్లోనే ఇస్తారు. శనివారం రాత్రి సర్వర్ పోతే సోమవారం పదింటిదాకా కూర్చోవడమే. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్‌లో "స్టాండ్‌బై సర్వర్‌కి రెండో లైసెన్సు, అదనపు చార్జీ లేకుండా" అని ఒక వాక్యం రాయించుకున్నాం. అడిగితే ఒప్పుకున్నారు, అంతకుముందు అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. రాత్రి ఫుల్ బ్యాకప్, పగలంతా ప్రతి 15 నిమిషాలకీ లాగ్ (మార్పుల చిట్టా) బ్యాకప్. డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రికవరీ మోడల్ ఫుల్‌లో పెట్టి లాగ్ బ్యాకప్ మరచిపోతే లాగ్ ఫైలు పెరిగి పెరిగి డిస్క్ నిండుతుంది, సాఫ్ట్‌వేర్ నిలిచిపోతుంది. "సర్వర్ స్లో" ఫిర్యాదుల్లో కొన్ని ఈ బాపతే. బ్యాకప్ పెట్టె వేరే గదిలో ఉంది, కంప్యూటర్లన్నిటి లాగిన్లూ ఒకేచోట ఉండే డొమైన్‌లో చేర్చలేదు. ఆ పెట్టే తనంతట తాను సర్వర్‌లోకి వచ్చి ఫైళ్లు లాక్కుంటుంది. సర్వర్ దగ్గర బ్యాకప్ పెట్టె పాస్‌వర్డ్ ఉండదు, కాబట్టి సర్వర్‌లోకి దూరినవాడికి అక్కడినుంచి బ్యాకప్ మీదికి దారి దొరకదు. ఇవి కాక రెండు హార్డ్‌డిస్కులు, వారానికొకటి మార్చి, కేబుల్ తీసేసి, నర్సింగ్ హాస్టల్ భవనంలోని ఇనప బీరువాలో. బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సీలు వేసిన కవర్లో అదే బీరువాలో. ఆ పాస్‌వర్డ్‌ని సర్వర్ డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్‌లో దాచుకునేవాళ్లు చాలామంది.

స్కాన్ కాగితాల ఫోల్డర్‌ది ఇంకో బాధ. 600 జీబీ పెద్ద లెక్క కాదు, కానీ అందులో దాదాపు 40 లక్షల చిన్న ఫైళ్లు. రిస్టోర్ 26 గంటలు పట్టింది. అందుకని రిస్టోర్ వరసని తేదీల వారీగా విడగొట్టాం. ముందు చివరి 90 రోజులవి, పాతవి తర్వాత తీరిగ్గా. మొదటి విడత రెండు గంటల్లోపే ఐపోతోంది, ఆసుపత్రి నడవడానికి అది చాలు.

ప్యాక్స్ (స్కాన్ బొమ్మలు దాచే సర్వర్) సంగతి వేరు. మా లెక్క: రోజుకి 40 సీటీలు, సగటున 300 ఎంబీ చొప్పున 12 జీబీ. ఎంఆర్‌ఐ 12, ఎక్స్‌రేలు 80 కలిపి ఇంకో మూడున్నర. మొత్తం రోజుకి పదిహేనున్నర జీబీ, ఏడాదికి ఐదున్నర టీబీ పైనే. 100 ఎంబీపీఎస్ లైను మీద రోజువారీ కాపీ అరగంటలో క్లౌడ్‌కి పోతుంది, అందుకే క్లౌడ్ అమ్మేవాళ్లు ధీమాగా చెబుతారు. వెనక్కి తెచ్చుకునే లెక్క ఎవరూ వేయరు. అదే లైను మీద సెకనుకి 10 ఎంబీ నిలకడగా వచ్చినా రెండేళ్లకి పైబడిన స్కాన్లు, అంటే 12 టీబీ, దిగడానికి దగ్గరదగ్గర 14 రోజులు. అందుకని స్కాన్ల రెండో కాపీ ఆవరణలోనే ఇంకో భవనంలో పెట్టాం, క్లౌడ్‌కి రిపోర్టులు, డేటాబేస్ మాత్రమే పోతాయి. ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన తేదీ నుంచి కనీసం మూడేళ్లు ఉంచాలనీ, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. మెడికో లీగల్ కేసులవి అంతకు మించి ఉంచుతాం.

మూడోది నెట్‌వర్క్ విడగొట్టడం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు రాన్సమ్‌వేర్ బారిన పడి దాదాపు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయింది. ఓపీ నుంచి ల్యాబ్ దాకా రోజుల తరబడి చేత్తో రాసుకున్నారు. నెట్‌వర్క్‌ని సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అంత పెద్ద సంస్థకే ఆ గతి పడితే, బిల్లింగ్ కంప్యూటరూ సీటీ కన్సోలూ సీసీటీవీ కెమెరా ఒకే 192.168.1 వరసలో ఉండే జిల్లా ఆసుపత్రుల సంగతి వేరే చెప్పాలా.

ఏడు వీలాన్‌లు (ఒకే స్విచ్‌ల మీద విడివిడి నెట్‌వర్కులు) చేశాం: సర్వర్లు, స్టాఫ్ కంప్యూటర్లు, ఇమేజింగ్ మిషన్లు, ల్యాబ్, సీసీటీవీ, బ్యాకప్, రోగుల వైఫై. ఇక్కడ మొదటి ప్లాన్‌లో పెద్ద పొరపాటు జరిగింది. చూడ్డానికి అందంగా ఉంటుందని మిషన్లన్నిటికీ కొత్త ఐపీలు ఇచ్చాం. సీటీ కన్సోల్‌లో ఐపీ మార్చాలంటే సర్వీస్ ఇంజనీర్ పాస్‌వర్డ్ కావాలి. కన్సోల్ ఐపీ, ఏఈ టైటిల్ (స్కాన్ మిషన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే పేరు) అటు ప్యాక్స్‌లోనూ, ఇటు ఫిల్మ్ ప్రింటర్‌లోనూ, వర్క్‌స్టేషన్‌లోనూ రాసి ఉంటాయి. ఒకచోట మారిస్తే నాలుగుచోట్ల మార్చాలి, నాలుగు కంపెనీల ఇంజనీర్లు ఒకే రోజు రావాలి. ప్లాన్ తిరగేశాం. పాత ఐపీల వరస మిషన్లకే వదిలేసి, కంప్యూటర్లన్నిటినీ కొత్త వరసకి తరలించాం. కంప్యూటర్లకి ఐపీలిచ్చేది డీహెచ్‌సీపీ కాబట్టి ఒక రాత్రిలో ఐపోయింది.

ఇంకో చోట అరరోజు పోయింది. ఫైర్‌వాల్‌లో వర్క్‌స్టేషన్ నుంచి ప్యాక్స్‌కి 104 పోర్టు తెరిచాం. కనెక్షన్ ఉందా అని చూసే సీ-ఎకో పరీక్ష పచ్చగా వచ్చింది. రేడియాలజిస్టుగారు పాత స్కాన్ అడిగితే మాత్రం రాదు. ఎకో పాసయితే అంతా పాసయినట్టు కాదు. పాత స్కాన్ తెప్పించుకునే సీ-మూవ్‌లో ప్యాక్స్ అదే కనెక్షన్ మీద బొమ్మలు పంపదు, తనే వర్క్‌స్టేషన్‌కి కొత్త కనెక్షన్ తెరుస్తుంది. కాబట్టి ఎదురు దిశలో కూడా వర్క్‌స్టేషన్ పోర్టుకి రూల్ రాయాలి, మాది 11112. ఫిల్మ్ ప్రింటర్‌ని మరచిపోవడం కూడా మామూలే. పరీక్ష చేసేటప్పుడు ఎకో, స్టోర్, మూవ్, ప్రింట్ నాలుగూ ఒక్కో మిషన్ నుంచీ చేసి టిక్కు పెట్టుకోవాలి. బల్లల కింద దాక్కున్న ఐదు పోర్టుల చిన్న స్విచ్‌లు కూడా తీసేయాల్సిందే. ఒకే గోడ పోర్టు మీద అనలైజరూ రిసెప్షన్ కంప్యూటరూ వేలాడుతుంటే రెంటినీ వేరు వీలాన్‌లలో పెట్టడం కుదరదు.

సీటీ కన్సోల్‌కి విండోస్ ప్యాచ్ మనంతట మనం వేయకూడదు, తయారీ కంపెనీ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు రాదు, వచ్చినా ఏడాది ఆలస్యం. ల్యాబ్ విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఐపోయింది. మార్చలేని మిషన్‌కి ఉన్న మార్గం దాని చుట్టూ గోడ కట్టడమే. ల్యాబ్ కంప్యూటర్ అనలైజర్లతోనూ, ఆసుపత్రి సర్వర్‌లో ఒక్క పోర్టుతోనూ మాత్రమే మాట్లాడుతుంది. ఇంటర్నెట్ లేదు, విండోస్ ఫైళ్లు పంచుకునే 445 పోర్టు రెండువైపులా మూసేశాం. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై రాన్సమ్‌వేర్ బ్రిటన్ ఆసుపత్రులనీ, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల కొన్ని కంప్యూటర్లనీ పట్టుకుంది ఆ పోర్టు మీదనే. దాని ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే వచ్చి ఉంది. అదే మోడల్ పాత కంప్యూటర్ ఒకటి కొని, హార్డ్‌డిస్క్ క్లోన్ చేసి, అట్టపెట్టెలో పెట్టి ల్యాబ్‌లోనే ఉంచాం. మొత్తం ప్లాన్‌లో అన్నిటికంటే చవకైన కొనుగోలు అది.

నాలుగోది బయటి నుంచి వచ్చే దారులు. సర్వర్ మీద, దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ ఎప్పుడూ తెరిచి ఉండేది, పాస్‌వర్డ్ వెండర్ దగ్గర ఎంతమందికి తెలుసో లెక్క లేదు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు నేరుగా ఇంటర్నెట్ మీద ఉంది. ఇప్పుడు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా తాళం వేసిన దారి), దానికి ఫోన్ కోడ్, ఒక్కో ఇంజనీరుకి ఒక్కో అకౌంటు. ఆ అకౌంటు మామూలుగా మూసి ఉంటుంది. ఫోన్ చేసి పని చెబితే నాలుగు గంటల పాటు తెరుస్తాం, రిజిస్టర్‌లో రాస్తాం. మొదటి నెల వెండర్లు గొణిగారు, తర్వాత సర్దుకున్నారు. అమెరికాలో 2024 ఫిబ్రవరిలో ఇన్సూరెన్స్ క్లెయిములు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీలోకి చొరబడింది ఫోన్ కోడ్ లేని ఒక రిమోట్ పోర్టల్ మీదుగా, దొంగిలించిన పాస్‌వర్డ్‌తో. దేశమంతా ఆసుపత్రుల క్లెయిములు, మందుల షాపుల బిల్లులు వారాల తరబడి నిలిచిపోయాయి.

పాస్‌వర్డుల విషయంలో మాత్రం పాఠ్యపుస్తకం పనికిరాదు. వార్డులో అందరూ ఒకే లాగిన్ వాడతారు, పాస్‌వర్డ్ మానిటర్ అంచున ప్లాస్టర్ ముక్క మీద రాసి ఉంటుంది. సిస్టర్లని తప్పుపట్టి లాభం లేదు. ఒకరు లాగవుట్ అయి ఇంకొకరు విండోస్‌లోకి రావడానికి ఆ పాత కంప్యూటర్లో దాదాపు నిమిషం పడుతుంది, షిఫ్టులో అలా 40 సార్లు. విండోస్‌ని వార్డు పేరుతో తెరిచే ఉంచి, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోకి మాత్రం ఎవరి కార్డు వాళ్లు తాకించి నాలుగంకెల పిన్ కొట్టేలా మార్చాం, మూడు సెకన్ల పని. ప్లాస్టర్ ముక్కలు వాటంతటవే మాయమయ్యాయి. ఐదు నిమిషాలకి తెర లాక్ పెట్టాం, క్యాజువాలిటీ, ఓటీ తప్ప. ఫోన్ కోడ్ ఈమెయిల్‌కి, వీపీఎన్‌కి, అడ్మిన్ అకౌంట్లకి మాత్రమే. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్లు 46 బతికే ఉన్నాయని తేలాక, ఫైనల్ సెటిల్‌మెంట్ నో-డ్యూస్ ఫారంలో ఐటీ సంతకం గడి చేర్పించాం.

ఆరోగ్యశ్రీ డెస్క్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఏ భద్రతా చెక్‌లిస్టులోనూ అది ఉండదు. ప్రీ-ఆథరైజేషన్‌కి, క్లెయిముకి రోగి ఫొటోలు, గాయాల ఫొటోలు, ఆపరేషన్ ఫొటోలు అప్‌లోడ్ చేయాలి. అవి తీసేది స్టాఫ్ సొంత ఫోన్లతో. అక్కడినుంచి వాట్సాప్ గ్రూపు, గ్రూపు నుంచి డెస్క్ కంప్యూటర్లో వాట్సాప్ వెబ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, పోర్టల్. ఈలోగా ఆ ఫొటోలు స్టాఫ్ ఫోన్ గ్యాలరీలోకీ, అక్కడినుంచి వాళ్ల సొంత గూగుల్ అకౌంట్లలోకీ పోతాయి. రోగి ముఖం, కార్డు నంబరు, గాయం, అన్నీ. సిమ్ లేని రెండు ఆసుపత్రి ఫోన్లు కొని, ఫొటో తీయగానే వైఫైలో డెస్క్ ఫోల్డర్‌కి పడి ఫోన్లోంచి చెరిగిపోయేలా పెట్టాం. గ్రూపు మూసేయించడానికి రెండు నెలలు పట్టింది. కొత్త దారి పాతదానికంటే తొందరగా పని కానిస్తేనే వాళ్లు మారారు, సర్క్యులర్ చూసి కాదు.

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు సర్వర్ ఆపి కాగితం డ్రిల్ చేశాం. ప్రతి వార్డుకీ ఒక పెట్టె ఇచ్చాం: డ్రగ్ చార్టులు 50, ల్యాబ్ రిక్వెస్టులు 50, ఇండెంట్ పుస్తకం, పెన్నులు, ముందే అచ్చేసిన స్టిక్కర్లు. కొత్త రోగులకి ఒక యూహెచ్‌ఐడీ (రోగి గుర్తింపు) నంబర్ల వరసని సాఫ్ట్‌వేర్ వాడకుండా పక్కన పెట్టించాం. లేకపోతే సిస్టమ్ వచ్చాక ఒకే నంబరు ఇద్దరికి పడుతుంది. ప్రతి రెండు గంటలకీ వార్డులవారీ రోగుల జాబితా, నడుస్తున్న మందులు పీడీఎఫ్‌గా ఒక విడి కంప్యూటర్‌కి చేరతాయి, దానికి సొంత ప్రింటర్, సొంత యూపీఎస్. ఇంత చేసినా డ్రిల్‌లో మొదటి పది నిమిషాల్లోనే ఇరుక్కుపోయాం. నెట్‌వర్క్ పోయినప్పుడు ఎలా ఉంటుందో చూద్దామని కోర్ స్విచ్ కూడా ఆపితే ఇంటర్‌కామ్ మూగబోయింది. ఏడాది కిందటే దాన్ని ఐపీ ఫోన్లకి మార్చారు, అవీ అదే స్విచ్ మీద. క్రిటికల్ విలువ ఫోన్లో చెప్పాల్సిన ల్యాబ్ టెక్నీషియన్ కాగితం పట్టుకుని మూడంతస్తులు ఎక్కాడు. ఇప్పుడు ల్యాబ్, ఐసీయూ, క్యాజువాలిటీ, బ్లడ్ బ్యాంకుల్లో నాలుగు మామూలు మొబైళ్లు చార్జింగ్‌లోనే ఉంటాయి, నంబర్లు గోడకి అతికించాం.

చట్టం వైపు మూడు తేదీలు చాలు. సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు (సిస్టమ్స్‌లో ఎప్పుడేం జరిగిందన్న రికార్డులు) 180 రోజులు ఉంచాలి. 2023 డేటా రక్షణ చట్టం కింద తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు లాగ్‌లని ఏడాది ఉంచమంటున్నాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చాయి. మేం నేరుగా ఏడాదికే పెట్టాం. ఫైర్‌వాల్ తన మెమరీలో ఉంచుకునేది కొద్ది రోజులే, అందుకే లాగ్‌లని ఒక విడి పెట్టెకి పంపాలి. గడియారాలు కూడా కలవాలి. మా సీటీ కన్సోల్ 11 నిమిషాలు ముందు నడిచేది, సీసీటీవీ ఏడు నిమిషాలు వెనక. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ టైమ్ సర్వర్‌తో ఒక లోపలి సర్వర్‌ని కలిపి, మిగిలినవన్నీ దాన్నే చూసేలా చేశాం. 6 గంటల రిపోర్టుకి ఫారం ముందే సగం నింపి ప్రింటు తీసి ఉంచాం. రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి పేరు, సమయం, ఏం కనిపించిందో రాస్తే చాలు.

ఇంకా మిగిలింది విండోస్ 10 కంప్యూటర్లు. 2025 అక్టోబరు 14తో వాటి మద్దతు ఐపోయింది. 74లో విండోస్ 11కి తగ్గ ప్రాసెసర్ ఉన్నవి 31. మిగిలిన 43లో ఈమెయిలూ ఇంటర్నెట్టూ వాడే 16 ముందు మారతాయి: అకౌంట్స్, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ, హెచ్‌ఆర్. వార్డుల్లో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఒక్కటే తెరిచే 27కి ఇంటర్నెట్ తీసేసి రెండో విడతకి పెట్టాం. వచ్చే త్రైమాసికం రిస్టోర్ పరీక్ష ప్యాక్స్‌ది. ఏ తేదీ స్కాన్ తేవాలో ఆ రోజు పొద్దున రేడియాలజిస్టుగారే చెబుతారు.